ఎనిమిది వందల డాలర్ల జిమ్

మార్క్ ట్వేన్ 'హకల్‌బెరీ ఫిన్' అనగానే మిసిసిపీ నది, తెప్ప, పారిపోయిన కుర్రాడు గుర్తొస్తారు. నండూరి రామమోహనరావుగారి అనువాదం పుణ్యమా అని మన పిల్లలు దాన్ని సాహసగాథగా చదువుకున్నారు. కామర్సు చదివి బ్యాంకులో చేరినవాణ్ణి కనుక నా కన్ను ముందు అంకెల మీద పడింది. ఆ నవలలోని ఎత్తిపొడుపు చాలావరకు ఆ అంకెల్లోనే ఉంది మరి!

హక్ తాలూకు ఆరు వేల డాలర్లు జడ్జిగారు వడ్డీకి తిప్పుతుంటారు. రోజుకొక డాలరు రాబడి, అంటే ఏడాదికి ఆరు శాతం పైచిలుకు. అదే ఊళ్లో మిస్ వాట్సన్ అనే భక్తురాలికి జిమ్ అనే నల్లజాతి బానిస ఉన్నాడు. వ్యాపారి 800 డాలర్లిస్తాననేసరికి ఆమె మనసు ఊగుతుంది. హక్‌కు స్వర్గనరకాల గురించి పాఠాలు చెప్పేది ఈవిడే. రచయిత ఆమెను పల్లెత్తు మాట అనడు.

ఆ బేరం చెవిన పడి జిమ్ పారిపోతాడు. దీవిలో హక్‌కు తన వ్యాపారాల కథ చెబుతాడు. పది డాలర్లు పెట్టి కొన్న ఆవు చచ్చిపోయింది. తోలూ కొవ్వూ అమ్మితే డాలరూ పది సెంట్లు. మరో బానిస పెట్టిన 'బ్యాంకు'లో అయిదు డాలర్లు వేస్తే ఏడాదికి ముప్ఫై అయిదు ఇస్తామన్నారు, బ్యాంకే మునిగింది. (ఇటువంటి కంపెనీలను మనమూ ఎరుగుదుం.) అయినా తానిప్పుడు ధనవంతుణ్ణేనంటాడు జిమ్. తనకు తానే సొంతం, తన ఖరీదు ఎనిమిది వందలు కదా! అక్కడ నవ్వొచ్చి గొంతులోనే ఆగిపోతుంది. స్వేచ్ఛ దొరికినా, తన విలువ కట్టుకోవడానికి అతనికి తెలిసింది సంతలో ధరే.

ఇంకొకచోట స్టీమరు ప్రమాదం గురించి హక్ ఒక కట్టుకథ చెబుతాడు. ఎవరికైనా దెబ్బ తగిలిందా అని శాలీ పిన్ని అడుగుతుంది. లేదు, ఒక నల్లవాడు చచ్చాడంటాడు. పోనీలే, అదృష్టం, అంటుందావిడ. పిల్లలకు కడుపునిండా పెట్టే మంచి ఇల్లాలే ఈ మాటన్నది.

జిమ్‌కు సాయపడటం ఇతరుల ఆస్తి దొంగిలించడమని, పాపమని హక్ నమ్మకం. అతణ్ణి పట్టించే ఉత్తరం రాసి, చివరికి చించేసి, నరకానికే పోతాననుకుంటాడు. పాపమని నేర్పిన పెద్దలెవరో మనకు తెలుసు.

అమెరికాలో బానిసత్వం రద్దయింది 1865లో. నవల అక్కడ వెలువడింది 1885లో. ఆ ఏడే కాంకర్డ్ గ్రంథాలయం దీన్ని మోటుపుస్తకమని తీసేసింది. తరవాత అభ్యంతరం మారింది. నల్లవారిని హీనపరిచే మాట ఇందులో రెండు వందల సార్లకు పైగా వస్తుంది. 2011లో ఒక ప్రచురణకర్త దాని బదులు 'బానిస' అని అచ్చువేశారు. పాత లెడ్జరు దిద్దడం నాకు నచ్చదు. కాని ఆ మాట వినవలసివచ్చిన నల్లజాతి పిల్లవాడి బాధను కొట్టిపారేయలేను. పెర్సివల్ ఎవరెట్ ఇదే కథను జిమ్ నోట చెప్పించి 'జేమ్స్' రాశారు (2024). దానికి 2025లో పులిట్జర్ బహుమతి వచ్చింది. చివరి అధ్యాయాల్లో టామ్ సాయర్ ఆడించే ఆట మాత్రం సాగదీతే. వీలునామా ద్వారా అప్పటికే విడుదలైన మనిషిని ఆటకోసం బంధించి ఉంచుతారు.

1896లో ట్వేన్ బొంబాయి వచ్చారు. హోటల్లో ఒక తెల్లవాడు నౌకరు చెంప పగలగొట్టడం, ఆ నౌకరు కిక్కురుమనకపోవడం చూశారు. బానిసలను కొట్టడం మామూలైన మిస్సోరీ బాల్యం తటాలున కళ్లముందు నిలిచిందని తన యాత్రాగ్రంథంలో రాసుకున్నారు. అప్పటికి ఆయనకు అరవై ఏళ్లు.