స్ట్రక్చర్ సైజు 12 ఎలా అయింది?

సి భాష మొదలుపెట్టిన మన హాస్టల్ తమ్ముళ్ళు, చెల్లెళ్ళు ఫర్ లూపుల దాకా బాగానే వస్తారు. పాయింటర్లు రాగానే పుస్తకం మూసేస్తారు. మనలో చాలామందిమి ఇంట్లో డిగ్రీ దాకా వచ్చిన మొదటివాళ్ళం. ఇంటికి వెళ్ళి అడుగుదామంటే చెప్పేవాళ్ళు లేరు. సీనియర్లు వదిలి వెళ్ళిన పాత పుస్తకమే మనకు గురువు. ఆ పుస్తకంతోనే ఒక చిక్కుంది, అది సరిగ్గా ఇంటర్వ్యూలో బయటపడుతుంది.

ప్రశ్న చిన్నదే. ఒక స్ట్రక్చర్‌లో వరుసగా ఒక చార్, ఒక ఇంట్, మరో చార్ ఉన్నాయి. దాని సైజు ఎంత? టర్బో సి కాలం నాటి పుస్తకం 4 బైట్లు అంటుంది. అందులో ఇంట్‌కు 2 బైట్లే, సభ్యులు ఒకదాని పక్కన ఒకటి అంటుకుని ఉండేవి. ఇప్పటి కంప్యూటర్లలో మామూలుగా ఇంట్‌కు 4 బైట్లు. సరే, 1+4+1 కలిపితే 6 అంటారా? జీసీసీలో వేసి చూడండి, 12 వస్తుంది.

మన మెస్‌నే తీసుకుందాం. బెంచీకి నలుగురు. మొదటి బెంచీలో ఒకడు కూర్చున్నాడు. తర్వాత నలుగురు స్నేహితులు వచ్చి, అందరం ఒకే బెంచీలో అయితేనే కూర్చుంటాం అన్నారు. మొదటి బెంచీలో మూడు చోట్లు ఖాళీగా వదిలి రెండోదానికి వెళ్తారు. తర్వాత వచ్చినవాడు ఒక్కడే మూడో బెంచీలో కూర్చుంటాడు. ఇంట్ కూడా ఆ జట్టు లాంటిదే, 4తో భాగించబడే చిరునామా దగ్గరే మొదలవుతుంది. మధ్యలో మిగిలిన 3 బైట్లను పాడింగ్ అంటారు. మరి చివర 3 ఎందుకు? ఇలాంటి స్ట్రక్చర్లను అర్రేలో పెడితే రెండోదాని ఇంట్ కూడా సరైన చోట పడాలి కదా!

ఇంట్‌ను ముందు రాసి, రెండు చార్లను తర్వాత రాస్తే సైజు 8కి దిగుతుంది. ఈ వరుసను కంపైలర్ తనంతట తాను మార్చదు, మనమే రాసుకోవాలి.

ఇదంతా కంటితో చూడటానికే పాయింటర్ కాస్టింగ్. స్ట్రక్చర్ చిరునామాను అన్‌సైన్డ్ చార్ పాయింటర్‌గా కాస్ట్ చేసి, 12 బైట్లనూ ఒక్కొక్కటిగా ప్రింట్ చేయండి. కాస్టింగ్ వల్ల మెమరీలో ఉన్నది ఏమీ మారదు, మనం చూసే తీరే మారుతుంది. ఇంట్‌లో 1000 పెడితే మన ల్యాబ్ కంప్యూటర్లలో 232, 3, 0, 0 కనిపిస్తాయి. 3ను 256తో గుణించి 232 కలపండి, 1000 వస్తుంది. చిన్న విలువ గల బైటు ముందు ఉంటుందన్నమాట. పాడింగ్ చోట ఏ చెత్తయినా ఉండవచ్చు. అందుకే రెండు స్ట్రక్చర్లు సమానమా అని మెమ్‌సీఎంపీతో పోల్చకూడదు.

ఇటు నుంచి అటు కాస్ట్ చేయడం క్షేమమే గానీ, అటు నుంచి ఇటు రావడం ప్రమాదం. చార్ అర్రేలో ఏదో ఒక చోటును ఇంట్ పాయింటర్‌గా కాస్ట్ చేసి చదివితే ఇంటెల్ ప్రాసెసర్ చాలాసార్లు ఊరుకుంటుంది, కొన్ని ప్రాసెసర్లు ప్రోగ్రాంనే ఆపేస్తాయి. భాష నియమాల ప్రకారం అది తప్పే. మెమ్‌సీపీవై వాడి ఒక ఇంట్‌లోకి కాపీ చేసుకోవాలి. స్ట్రక్చర్ పాయింటర్‌ను దాని మొదటి సభ్యుని పాయింటర్‌గా మార్చడానికి మాత్రం ఏ అడ్డూ లేదు, మొదటి సభ్యుని ముందు పాడింగ్ ఉండదు.

ఫైళ్ళ దగ్గర ఈ తేడా ఇంకా ముదురుతుంది. టర్బో సి ప్రోగ్రాం 4 బైట్ల రికార్డులుగా రాసిన ఫైలును జీసీసీ ప్రోగ్రాం 12 బైట్ల చొప్పున చదివితే, ముగ్గురు విద్యార్థులు కలిసి ఒక్కడైపోతారు. ఎర్రర్ మెసేజ్ కూడా రాదు.

ఇక తెలుగులో పేర్లు పెట్టాలనుకునేవారికి ఒక మాట. యూటీఎఫ్-8లో తెలుగు అక్షరానికి, గుణింతపు గుర్తుకు, సున్నకు, పొల్లుకు దేనికదే 3 బైట్లు. ఊరి పేరుకు 20 బైట్ల చార్ అర్రే, దాని వెంటనే రోల్ నంబరుకు ఇంట్ పెట్టారనుకోండి. 'వరంగల్' 18 బైట్లు, చివరి సున్నా బైటుతో 19, సరిపోతుంది. 'హనుమకొండ' 24, సున్నాతో 25. స్ట్రింగ్ కాపీ చేసినప్పుడు ప్రోగ్రాం ఆగిపోకుండా సాగిందంటే, మిగిలిన బైట్లు రోల్ నంబరు మీదికి వెళ్ళి అక్కడ మైనస్ గుర్తుతో పెద్ద అంకె కనిపిస్తుంది. వరంగల్ వాళ్ళ పేర్లతోనే పరీక్షించి ప్రోగ్రాం బాగుంది అనుకుంటే, హనుమకొండ తమ్ముడి నంబరు గల్లంతు!