వేలిముద్ర వేసే ముందు

నేను బళ్ళారిలో నల్లకోటు తొడిగింది 1986లో. సివిల్ దావాలు, గట్టు తగాదాలు చూసుకుంటూ వచ్చినవాణ్ణి, ఎప్పుడో తెలియకుండానే 'ముసలోళ్ళ వకీలు' అయిపోయాను. దీనికి బోర్డేమీ కట్టలేదు. ఒక తాతగారి పని అయితే ఆయన గుడి అరుగు మీద మరో నలుగురికి చెబుతారు, అంతే. ఫీజుల సంగతి మాత్రం అడక్కండి. దాని మీద మా ఆవిడకు వేరే అభిప్రాయం ఉంది.

తల్లిదండ్రుల పోషణకు 1956 నాటి హిందూ దత్తత, పోషణ చట్టం ఉంది. క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 125వ సెక్షన్ కూడా ఉండేది కానీ, దాని కింద నెలకు 500 రూపాయలు మించి ఇప్పించడానికి 2001 దాకా వీల్లేదు. వాయిదాలు నడుస్తుండగానే కక్షిదారు కాలం చేసిన కట్టలు నా బీరువాలో ఇంకా ఉన్నాయి. పారేయబుద్ధి కాదు.

2007లో తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం వచ్చాక దారి కాస్త దగ్గరైంది. 60 ఏళ్ళు నిండినవారు కోర్టుకు పోనక్కర్లేదు; మా కర్ణాటకలో అసిస్టెంట్ కమిషనర్ కచేరిలోనే అర్జీ ఇవ్వవచ్చు. నోటీసు అందిన 90 రోజుల్లో తేల్చాలని చట్టం చెబుతుంది. పిల్లలు లేనివారు, తమ తర్వాత ఆస్తి ఎవరికి చెందుతుందో ఆ బంధువుల మీద అర్జీ పెట్టుకోవచ్చు.

తమాషా ఏమిటంటే, అదే చట్టం 17వ సెక్షన్‌లో వకీళ్ళు వాదించరాదని రాశారు. 2021లో కేరళ హైకోర్టు ఈ నిషేధం చెల్లదంది గానీ, 2023లో మా కచేరిలో నేను బయట బెంచీ మీదే కూర్చున్నాను. లోపల ఒక అవ్వ ఉంది. ఆమెది అనంతపురం జిల్లా పుట్టిల్లు, కౌల్ బజారు మెట్టినిల్లు. కన్నడం గడగడా మాట్లాడుతుంది, అక్షరం మాత్రం చదవలేదు. భర్త పోయాక, 2015లో కొడుకు పేర ఇల్లు దానపత్రం చేసింది. రాసింది కన్నడంలో. "ఏముందిరా ఇందులో?" అంటే "నిన్ను బాగా చూసుకుంటానని రాసిందమ్మా" అన్నాడట. వేలిముద్ర వేసింది. అలాంటి మాట ఆ పత్రంలో ఎక్కడా లేదు. నేను రెండుసార్లు చదివాను.

అసలు కీలకం అక్కడే ఉంది. చూసుకుంటాననే షరతు మీద ఇచ్చిన ఆస్తిని, చూసుకోకపోతే 23వ సెక్షన్ కింద రద్దు చేయించవచ్చు. కానీ ఆ షరతు ఉందని రుజువు కావాలని 2022 డిసెంబరులో సుప్రీంకోర్టు చెప్పింది. 2025 జనవరిలో మరో కేసులో, దానపత్రంతోపాటు కొడుకు రాసిచ్చిన హామీ కాగితాన్ని లెక్కలోకి తీసుకుని, ఇల్లు తిరిగి తల్లికి ఇప్పించింది. అవ్వ దగ్గర అలాంటి కాగితం కూడా లేదు.

అందుకని పోషణ మాత్రమే అడగమన్నాను. లోపల ఆమె ఏం చెప్పిందో తర్వాత గుమాస్తా చెప్పాడు. "నాకేం ఇల్లొద్దు సామీ. నా పొయ్యి నాకు పెట్టించండి, నా గంజి నేను కాచుకుంటా" అందట. నేనైతే డబ్బు లెక్కే చెప్పేవాణ్ణి. నెలకు 4,000 రూపాయలు, ముందు గది, అందులో గ్యాసు పొయ్యి పెట్టుకునే వీలు, ఇదీ జరిగిన రాజీ. కొడుకు డబ్బు ఒక నెల ఇస్తాడు, ఒక నెల ఎగ్గొడతాడు. పొయ్యి మాత్రం వెలుగుతోంది.

హోసూరులో తమిళం, బరంపురంలో ఒడియా, షోలాపూరులో మరాఠీ: మనవాళ్ళ దస్తావేజులు మన పెద్దలు చదవలేని లిపిలోనే ఉంటాయి. అందుకే ఇప్పుడు నా దగ్గరికి వచ్చిన ఏ పత్రమైనా వాక్యం వాక్యం తెలుగులో చదివి వినిపిస్తాను. అలా వినిపించినట్లు పత్రంలోనే రాయిస్తాను. తిండి, మందులు, నీడ చూసుకోవాలన్న షరతును విడిగా ఒక పేరాగా పెడతాను. "కన్నకొడుకు మీద నమ్మకం లేదా?" అని ఎదురుగానే అడిగే కొడుకులున్నారు. నమ్మకం ఉన్నవాడికి ఆ పేరా ఏం అడ్డం?

అన్ని అర్జీలూ తీసుకోను. కోడలిని వెళ్ళగొట్టడానికి తల్లి చేత అర్జీ పెట్టించే కొడుకులూ ఉన్నారు. బెంగళూరు నుంచి వెళ్ళిన ఒక కేసులో 2020లో సుప్రీంకోర్టు, ఈ చట్టాన్ని అడ్డం పెట్టుకుని కోడలి నివాస హక్కును తోసిపుచ్చడం కుదరదంది. నాకది సబబుగానే తోచింది.

మొన్న ఒక తాతగారు వచ్చారు. షరతు చదివి వినిపించగానే "అది కొట్టేయండి, వాడు నొచ్చుకుంటాడు" అన్నారు. అయితే దానపత్రం మానేసి వీలునామా రాద్దామన్నాను. ఇద్దరు సాక్షులు చాలు, బతికున్నన్నాళ్ళూ ఇల్లు మీదే, మనసు మారితే మార్చుకోవచ్చు అని చెప్పాను. ఆలోచించి చెబుతానని కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు. ఇంకా రాలేదు.