కలానికి తోడెవరు?

దైవప్రవక్త (స) సతీమణి హజ్రత్ హఫ్సా (రజి)కి రాయడం నేర్పింది ఒక స్త్రీయే. ఆమె పేరు షిఫా బిన్తె అబ్దుల్లా (రజి). ప్రవక్త (స) స్వయంగా ఆ సంగతి ప్రస్తావించినట్లు అబూ దావూద్ హదీసు గ్రంథంలో ఉంది.

అయితే రాత వచ్చినంత మాత్రాన సరిపోదు. రాసినదాన్ని చదివేవారుండాలి. 1898లో లాహోరులో ముహమ్మదీ బేగం, ఆమె భర్త ముంతాజ్ అలీ ‘తహ్జీబె నిస్వాన్’ అనే ఉర్దూ వారపత్రిక ప్రారంభించారు. సంపాదకత్వం ఆమెదే. పర్దాలోని స్త్రీలు అందులో రాశారు. కొందరైతే సొంత పేరు బయటపెట్టక, ఫలానావారి కూతురునని సంతకం చేసేవారు.

తెలుగులో ఇలాంటి తోడు కోసం దూరం పోనక్కర్లేదు. బాపట్లలో పుట్టిన కనుపర్తి వరలక్ష్మమ్మ ‘గృహలక్ష్మి’ పత్రికలో ‘శారద లేఖలు’ రాశారు. శారద తన స్నేహితురాలు కల్పలతకు రాసే ఉత్తరాలవి. ఉపన్యాసం కాదు, ఇరుగమ్మతో మాట్లాడినట్టుంటుంది. 1931లో ఆమె బాపట్లలోనే స్త్రీ హితైషిణీ మండలి స్థాపించారు.

మరి మన ఆడపిల్లల మాటేమిటి? గుంటూరు, ప్రకాశం పల్లెల్లో దూదేకుల కుటుంబాల ఇంటి భాషే తెలుగు. మిగతా ఇళ్ళలో ఉర్దూ మాట్లాడినా బడిలో నేర్చింది తెలుగే. అమ్మాయి తెలుగులో కథ రాస్తే నానీమాకు చదవడం రాదు. సాహిత్య సభలేమో సాయంత్రం పూట, పట్నంలో. తిరుగు బస్సు ఎన్నింటికో తెలియదు. కథ నోటుబుక్కులోనే ఉండిపోతుంది. మనవాళ్ళకు రాయడం రాదని కాదు. 2004లో స్కైబాబ సంపాదకత్వంలో ‘వతన్’ కథా సంకలనం, 2005లో షాజహానా ‘నఖాబ్’ కవితా సంపుటి తెలుగులోనే వచ్చాయి.

జొహర్‌కూ అసర్‌కూ మధ్య, ఒకరి ఇంట్లో నలుగురు కూర్చుంటే చాలు. మిరప కోతలప్పుడు, తొడిమలు తీసే రోజుల్లో కుదరదు; ఆ నెలలు వదిలేయండి. ఒకరు చదవాలి, మిగిలినవాళ్ళు వినాలి. చదువు రాని నానీమానూ కూర్చోబెట్టండి, కథలో అబద్ధం ఎక్కడుందో ముందు పట్టేది ఆవిడే! బిర్యానీ బాగుందన్నట్టు ‘బాగుంది’ అని లేచిపోతే మాత్రం రాసిన పిల్లకు ఒరిగేదేమీ లేదు. ఎక్కడ అర్థం కాలేదో చెప్పాలి.

ఇంట్లో మగవారు ఆ గంటసేపు చంటిపిల్లను ఎత్తుకుంటే మేలు. కథ పత్రికకు పంపేటప్పుడు పేరు పెట్టుకోవాలా, మారుపేరా అన్నది రాసిన అమ్మాయి ఇష్టం. వరలక్ష్మమ్మ కూడా ఆంధ్రపత్రికలో ‘లీలావతి’ పేరుతో రాశారు.