అపరాధ పరిశోధక నవల: రచన, విక్రయము, విమర్శ

నాందేడు జిల్లా కిన్వట్ తాలూకాలోని మాండవి తెలుగు సరిహద్దునకు చేరువనున్న గ్రామము. కిన్వట్ తాలూకా 1956 వరకు హైదరాబాదు రాజ్యమునందలి ఆదిలాబాదు జిల్లాలో నుండెను. రాష్ట్ర పునర్విభజనతో అప్పటి బొంబాయి రాష్ట్రమునకును, 1960లో మహారాష్ట్రమునకును చెందినది. మరాఠీ, తెలుగు, గోండీ, లంబాడీ, ఉర్దూ భాషలు ఒకే సంతలో వినవచ్చు నీ ప్రాంతమున తెలుగు బడిలో కంటె ఇంటిలో నెక్కువగా నిలిచినది. ఇట్టి చోట తెలుగు చదువును నిలుపుటకు మహాకావ్యముల కంటె ఒకప్పటి అర్ధరూపాయి నవలయే యెక్కువ పనిచేయగలదని నా అభిప్రాయము. పండితులు దీని నొప్పకపోవచ్చును. కాని అక్షరములు కూడబలుకుకొని చదువువాడు మొదట కోరునది “తరువాత నేమి జరిగెను?” అను ప్రశ్నకు సమాధానమే కదా! ఆ ప్రశ్నను పుటపుటకును రగిలించునది అపరాధ పరిశోధక నవల.

ఈ ప్రక్రియ మనకు పరదేశమునుండి వచ్చినది. 1841లో అమెరికా రచయిత ఎడ్గార్ ఆలన్ పో వ్రాసిన కథ దీనికి ఆద్యమని చెప్పుదురు. 1887లో కానన్ డాయిల్ షెర్లాక్ హోమ్సును లోకమునకు పరిచయము చేసెను. తెలుగునకు మాత్రము ఇది చాలవరకు వంగభాష దారిని చేరినది. పాంచకడి దేవ్ మొదలగువారి వంగ నవలలు తెనుగై, ఇరువదవ శతాబ్ది తొలి దశాబ్దులలో పాఠకులను అలరించినవి. 1911లో వేంకట పార్వతీశ్వర కవులు నెలకొల్పిన ఆంధ్రప్రచారిణీ గ్రంథమాల వంగ నవలలను తెలుగువారి యిండ్లకు చేర్చుటలో ప్రముఖమైనది.

తరువాతి ఘట్టము రైలుబండిది. కొవ్వలి లక్ష్మీనరసింహారావుగారి నవలలు స్టేషనులలోను, బండ్లలోను చేతులమీద అమ్ముడుపోయెడివి. ఆయన వేయి నవలలు వ్రాసెనని ప్రసిద్ధి. అవి అపరాధ పరిశోధక నవలలు కావు, సాంఘికములే. అయినను చవుక పుస్తకమునకు బజారును సిద్ధపరచినవి అవియే. ఎక్కిన స్టేషనులో కొని, దిగు స్టేషనునకు ముగింపవలె నన్న కొలత అప్పుడే యేర్పడినది. ఆ కొలతలోనే 1950, 60 దశకములలో కొమ్మూరి సాంబశివరావుగారి యుగంధరుడును, ఆయన సహాయకుడు రాజును వెలసిరి. టెంపోరావు, విశ్వప్రసాద్, గిరిజశ్రీ భగవాన్ మున్నగువా రా బాటలోనే నడచిరి. ఆరుద్ర వంటి కవియు “పలకల వెండిగ్లాసు” అను పరిశోధక నవల వ్రాసెను. కావున ఇది చేతకానివారి చేష్ట యని కొట్టివేయుట తగదు.

సరిహద్దు ప్రాంతమునుండి చూచినచో మరొక విశేషము కానవచ్చును. మరాఠీలో బాబూరావు అర్నాళ్కర్ అను రచయిత వేయికి మించిన రహస్యకథలు రచించెను. మన కొవ్వలివారి వేయికిని ఆయన వేయికిని నడుమ సరిహద్దు రాయి యొకటియే అడ్డము! ఉర్దూలో ఇబ్నె సఫీ 1952లో అలహాబాదునుండి “జాసూసీ దునియా” అను నవలామాలిక ప్రారంభించి, కర్నల్ ఫరీదీని, కెప్టెన్ హమీద్‌ను సృష్టించెను. నిజాము కాలమున ఉర్దూలో చదివి, ఇంట తెలుగు మాటాడి, కచేరీలో మరాఠీ వ్రాయవలసి వచ్చిన తరము వారికి ఈ మూడు లోకములును అందుబాటులోనివే. ఈ మువ్వురు పరిశోధకులను ప్రక్కప్రక్కన నుంచి పరిశీలించుటకు ఈ ప్రాంతపు తెలుగువాని కున్న సౌకర్యము రాజమండ్రి పండితునకు లేదు.

ఇక విక్రయము. ఈ నవలల అసలు అంగడి పుస్తకాల దుకాణము కాదు, అద్దె పుస్తకాల కొట్టు. కొంత ధరావతు కట్టి, దినమునకు కొన్ని పైసల చొప్పున అద్దె యిచ్చి, చదివి తిరిగి యిచ్చెడివారు. ఒక ప్రతి అట్ట చినిగి, కుట్టు వదలి, మరల దళసరి కాగితపు అట్ట వేయించుకొని పదుల చేతులు మారెడిది. కాబట్టి అచ్చయిన ప్రతుల సంఖ్యనుబట్టి పాఠకుల సంఖ్యను లెక్కించుట పొరపాటు. కొట్టువాడు పాఠకుని యిచ్చను ప్రతిదినము కనిపెట్టెడివాడు. ఏ రచయిత పుస్తకము బీరువాలో నిలువదో, ఏది ధూళి పట్టునో ఆతనికి తెలిసినట్లు విమర్శకునకు తెలియదు. 1960 దశకమునుండి ఎమెస్కోవారి జేబు పుస్తకములును, వారపత్రికల సీరియళ్ళును ఈ బజారును పంచుకొన్నవి. మధుబాబుగారి షాడో నవలలు అద్దెకొట్లకు మరి కొంతకాలము ప్రాణము పోసినవి. పిమ్మట దూరదర్శనము వచ్చి సాయంకాలములను తీసికొనిపోయినది.

విమర్శ మాట చెప్పవలెనన్న కష్టమే. గంభీర పత్రికలు వీనిని సమీక్షార్హములుగా నెంచుట అరుదు. నిజమునకు పరిశోధక నవలను సమీక్షించుట కావ్యవిమర్శ కంటె సులభము కాదు. హంతకు డెవరో చెప్పరాదు. చెప్పకయే కథ సరిగా అల్లబడినదో లేదో తేల్చవలెను. 1929లో రోనాల్డ్ నాక్స్ అను ఆంగ్ల రచయిత పది నియమములు కూర్చెను. వానిలో ముఖ్యమైనది, పరిశోధకునకు దొరకిన ఆధారమును పాఠకునికి దాచరాదనుట. ఈ యొక్క కొలతతో కొలిచినను మన నవలలలో పెక్కు తడబడును. కడపటి ప్రకరణమున ఎన్నడును వినని పినతండ్రి కొడుకు ఊడిపడుటయు, మారువేషమును తల్లి కూడ గుర్తింపలేకపోవుటయు మనకు పరిచితములే. అట్టి లోపములను లోపములని చెప్పువాడు లేకపోవుట చేతనే అవి స్థిరపడినవి. పొగడ్త లేకపోవుట కంటె తిట్టు లేకపోవుట వీనికి ఎక్కువ చెరుపు చేసినది.

విమర్శ లేకపోవుటవలన కలిగిన మరొక నష్టము జాబితా లేకపోవుట. 1954 నాటి గ్రంథ సమర్పణ చట్టము ప్రకారము ప్రతి ప్రకాశకుడును కలకత్తా జాతీయ గ్రంథాలయమునకు ఒక ప్రతి పంపవలెను. ఐనను చవుక నవలలలో కొన్నిటికి ముద్రణ సంవత్సరమైన నుండదు. అట్టివాని కాలనిర్ణయము కూడ ఒక అపరాధ పరిశోధనమే. ధర అణాలలో నున్నచో 1957 ఏప్రిలులో నయాపైసలు వచ్చుటకు పూర్వమో, ఆ సంధికాలమో కావచ్చును. వెనుక అట్టమీద “మా ఇతర ప్రచురణలు” అను పట్టికయుండిన, అందలి పేర్లనుబట్టి ఏ నవలకు తరువాతిదో తెలియును. అద్దెకొట్టు ముద్ర యున్నచో ఆ పుస్తకము ఏ యూర తిరిగినదో తెలియును. కనుక మన సరిహద్దు గ్రామములలో అటకమీద అట్టి ప్రతి కనబడినచో, కడపటి పుటలు చినిగిపోయినను, అట్టను మాత్రము పారవేయరాదు.