షుగర్ గోలీ వెనుక మన సుబ్బారావు

మొగుళ్లపల్లి మెడికల్ షాపులో దొరికే గ్లిమెపిరైడ్ గోలీ క్లోమంలోని బీటా కణాల మీద ఉండే ఓ ద్వారాన్ని మూసేస్తుంది. మామూలుగా ఆ పని చేసేది ఏటీపీ అనే అణువు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు 1929లో హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి దాన్ని కండరంలో కనుగొన్నారు. అదే ఏడు జర్మనీలో కార్ల్ లోమన్ కూడా విడిగా కనిపెట్టాడు.

ఏటీపీ శక్తినిస్తుందని బడిలో చదువుకున్నాం. అది కబురు కూడా అందిస్తుంది, నాకు అంతకన్నా పెద్ద వింత అదే. అన్నం తిన్నాక రక్తంలో పెరిగిన గ్లూకోజ్‌ను బీటా కణాలు వాడుకుని ఏటీపీ తయారుచేస్తాయి. ఏటీపీ పెరిగితే పొటాషియం బయటికి పోయే ద్వారం మూతపడుతుంది. దాంతో కణంలోకి కాల్షియం వచ్చి ఇన్సులిన్‌ను రక్తంలోకి వదిలిస్తుంది. పస్తున్నప్పుడు గ్లూకగాన్ అనే హార్మోన్ కాలేయాన్ని తట్టి దాచిన చక్కెర విడిపిస్తుంది. ఆ కబురును కణం లోపల మోసే సైక్లిక్ ఏఎంపీ కూడా ఏటీపీ నుంచే పుడుతుంది! దాన్ని కనిపెట్టిన ఎర్ల్ సదర్లాండ్‌కు 1971లో నోబెల్ వచ్చింది.

ఇంత కాపలా ఎంత చక్కెరకో తెలుసా? ఆరోగ్యవంతుడి రక్తమంతా కలిపినా పరగడుపున ఉండే గ్లూకోజ్ 4, 5 గ్రాములే.

ఈ కాపలా కాసే ఇన్సులిన్, అమైనో ఆమ్లాల వరుస పూర్తిగా తెలిసిన తొలి ప్రొటీన్. అవి మొత్తం 51. ఆ వరుస తేల్చిన ఫ్రెడరిక్ శాంగర్‌కు 1958లో నోబెల్ దక్కింది. జన్యు ఇంజినీరింగ్‌తో తయారై మనుషుల వాడకానికి అనుమతి పొందిన తొలి మందు కూడా ఇదే, 1982లో.

ఈ కాపలాలోనే మరో హార్మోన్ జీఎల్‌పీ-1. దానిది అల్పాయుష్షు. పేగుల నుంచి బయల్దేరి ఇన్సులిన్‌ను పెంచే ఈ హార్మోన్ రక్తంలో 2 నిమిషాలకే సగానికి తగ్గిపోతుంది. అలాంటిదే ఎక్కువసేపు నిలిచే అణువు అమెరికా ఎడారుల్లోని గిలా మాన్‌స్టర్ అనే విషపు బల్లి లాలాజలంలో దొరికింది. దాని ఆధారంగా చేసిన ఎక్సెనటైడ్ మందుకు 2005లో అక్కడ అనుమతి వచ్చింది.

మళ్లీ గోలీ సంగతి. రక్తంలో చక్కెర తక్కువున్నా గ్లిమెపిరైడ్ ఆ ద్వారాన్ని మూస్తూనే ఉంటుంది. అందుకే అది వేసుకుని, తినకుండా పత్తి చేనుకు పోవద్దు. వణుకు, చెమటలు మొదలైతే వెంటనే చక్కెర నీళ్లు తాగండి.