టానరీలో రసాయనాలు, పాలారులో నీళ్లు

బక్రీద్ రోజుల్లో సొసైటీల వాళ్లు, మదరసాల వాళ్లు ఇంటింటికీ తిరిగి ఖుర్బానీ తోళ్లు సేకరిస్తారు. సాయంత్రానికి వ్యాపారి వచ్చి లారీలో ఎక్కించుకుని పోతాడు. వచ్చిన సొమ్ము పేద విద్యార్థుల పద్దులో జమ అవుతుంది. ఒకప్పుడు అది చెప్పుకోదగ్గ మొత్తమే, ఈమధ్య తోలు ధర బాగా పడిపోయింది. అది వేరే సంగతి. లారీ వెళ్లిన తరువాత ఆ తోలు ఏమవుతుంది, దానికి ఏయే రసాయనాలు పట్టిస్తారు, ఆ రసాయనాలు చివరికి ఎక్కడికి చేరతాయి అన్నది మాత్రం మనలో చాలామంది ఎన్నడూ ఆలోచించిన విషయం కాదు.

మన ప్రాంతాల నుంచి కదిలే తోళ్లలో చాలావరకు చెన్నై పెరియమేటు మార్కెట్‌కో, అక్కడి నుంచి రాణిపేట, ఆంబూరు, వాణియంబాడి, పేర్నంబట్టు టానరీలకో చేరతాయి. ఈ ఊళ్లన్నీ చిత్తూరు జిల్లా సరిహద్దుకు ఆనుకున్నట్టే ఉంటాయి. కర్ణాటకలో పుట్టి కుప్పం ప్రాంతం మీదుగా తమిళనాడులోకి దిగే పాలారు నదే వీటికి ఆధారం. అక్కడి టానరీ యజమానుల్లో ముస్లిం కుటుంబాలు చాలా ఉన్నాయి. గుంతల దగ్గర, డ్రమ్ముల దగ్గర పనిచేసేవారిలో దళితులు, ముస్లింలు, ఇటీవలి కాలంలో బెంగాల్ నుంచి వచ్చిన వలస కూలీలు ఉన్నారు. కాబట్టి ఇది ఎక్కడో పరాయిచోటి కథ కాదు.

పచ్చి తోలు కొన్ని గంటల్లోనే కుళ్లడం మొదలుపెడుతుంది. దాన్ని ఆపడానికి ఉప్పు పట్టిస్తారు. తోలు బరువులో మూడో వంతు నుంచి సగం దాకా ఉప్పు పడుతుంది. టానరీకి చేరగానే మొదటి పని తోలును నీళ్లలో నానబెట్టడం. ఆ ఉప్పంతా అప్పుడు నీళ్లలోకి దిగుతుంది. ఉప్పు విషం కాదు గదా అనిపిస్తుంది. కానీ ఏ శుద్ధి ప్లాంటులోనైనా వదిలించుకోవడానికి అన్నిటికంటే కష్టమైనది అదే. సున్నంతో అది అడుగుకు దిగదు, సూక్ష్మజీవులు దాన్ని తినవు. అందుకే జాగ్రత్త తెలిసిన టానరీలో నానబెట్టే ముందు తోళ్లను చెక్క చట్రం మీద దులిపి గానీ, రంధ్రాలున్న డ్రమ్ములో పొడిగా తిప్పి గానీ వదులుగా ఉన్న ఉప్పును రాల్చేస్తారు. ఖర్చు లేని పని, కానీ నీళ్లలోకి పోయే ఉప్పు అక్కడికక్కడే తగ్గుతుంది. కాలుష్యాన్ని పుట్టిన తరువాత శుద్ధి చేయడం ఒక పద్ధతి, పుట్టకుండా చూసుకోవడం ఇంకొక పద్ధతి. టానరీలో ఏ దశ తీసుకున్నా ఈ రెండో పద్ధతే చవక.

తరువాతిది సున్నపు దశ. వెంట్రుకలు ఊడడానికి సున్నంతో పాటు సోడియం సల్ఫైడ్ కలుపుతారు. వెంట్రుక కరిగి గుజ్జవుతుంది. ఆ నీళ్లు తెల్లగా, చిక్కగా, భరించలేని వాసనతో ఉంటాయి. సున్నం కలిసి క్షారంగా ఉన్నంత సేపూ సల్ఫైడ్ నీళ్లలోనే ఉంటుంది. దానిలో ఆమ్లం కలిసిందా, హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువై పైకి లేస్తుంది. టానరీలో ఆమ్లానికి కొదవ లేదు. తోలును క్రోమియానికి సిద్ధం చేసే దశలో వాడేది గంధకికామ్లమే. అంటే సున్నపు గుంత నీళ్లూ ఆమ్లపు డ్రమ్ము నీళ్లూ ఒకే కాలువలోకి వదిలితే ఆ కాలువే ప్రాణాంతకమవుతుంది.

ఈ వాయువు గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే తోళ్ల పరిశ్రమలో కార్మికులను ఎక్కువగా బలిగొన్నది ఇదే. కొద్ది మోతాదులో ఉన్నప్పుడు కుళ్లిన కోడిగుడ్డు వాసన వస్తుంది. మోతాదు పెరిగితే ఆ వాసనను పసిగట్టే శక్తే ముక్కుకు పోతుంది. వాసన తగ్గింది, ఇక దిగవచ్చు అనుకున్న మనిషి గుంతలో రెండు మూడు శ్వాసలకే కూలిపోతాడు. పైనున్నవాడు అతన్ని లాగుదామని దిగుతాడు, అతనూ పడిపోతాడు. అందుకే ఈ ప్రమాదాల్లో చనిపోయేది తరచుగా ఒక్కరు కాదు, ఇద్దరు, ముగ్గురు. గాలి కంటే బరువైన వాయువు కాబట్టి అది గుంత అడుగునే నిలిచిపోతుంది. పైన నిలబడ్డవాడికి ఏమీ తెలియదు.

దీనికి మందు కొత్తగా కనిపెట్టాల్సిన పని లేదు. సున్నపు నీళ్లకు, ఆమ్లపు నీళ్లకు వేర్వేరు కాలువలు ఉండాలి. సల్ఫైడ్ నీళ్లను ఒక తొట్టిలో పట్టి, కొద్దిగా మాంగనీస్ సల్ఫేట్ వేసి, గంటల తరబడి గాలి ఊదితే సల్ఫైడ్ విరిగిపోతుంది. ఇక గుంతలోకి మనిషి దిగడం గురించి 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 36వ సెక్షన్‌లోనే స్పష్టంగా రాశారు. విషవాయువు ఉండే అవకాశమున్న తొట్టి, గుంత, గొట్టం ఏదైనా సరే, అర్హుడైన వ్యక్తి పరీక్షించి దిగవచ్చని లిఖితపూర్వకంగా ఇవ్వాలి. లేకపోతే దిగేవాడికి శ్వాస పరికరం, నడుముకు బెల్టు, ఆ బెల్టుకు కట్టిన తాడు ఉండాలి. ఆ తాడు రెండో కొస బయట నిలబడ్డ మనిషి చేతిలో ఉండాలి. వాయువును కొలిచే పరికరం చేతిలో పట్టేంత చిన్నది. యజమానికి అది పెద్ద ఖర్చు కాదు. లోపం ఎక్కడంటే, గుంత శుభ్రం చేసే పనిని కాంట్రాక్టరుకు అప్పగించి, ఆ కాంట్రాక్టరు తెచ్చిన కూలీలు ఎవరో, వాళ్లకు ఎవరు ఏం చెప్పారో తెలుసుకోకపోవడంలో ఉంది. నా దృష్టిలో టానరీ మంచిదా చెడ్డదా తేల్చడానికి ముందు చూడాల్సింది శుద్ధి ప్లాంటును కాదు, ఆ తాడు ఉందా లేదా అన్నది.

ఇప్పుడు క్రోమియం. పూర్వం మన దేశంలో తోళ్లను తంగేడు చెక్కతో, కరక్కాయతో పదును చేసేవారు. తెలంగాణ రాష్ట్ర పుష్పంగా ఇవాళ గౌరవం అందుకుంటున్న ఆ తంగేడే. ఆ తోలు గట్టిది, మంచిది, కానీ తయారీకి వారాలు పట్టేది. 1884లో అమెరికాలో ఆగస్టస్ షుల్ట్జ్ క్రోమియంతో పదును చేసే పద్ధతికి పేటెంటు పొందాడు. 20వ శతాబ్దం ఆరంభంలో ఆల్‌ఫ్రెడ్ ఛాటర్టన్ మద్రాసులో దాన్ని ప్రవేశపెట్టాడు. వారాల పని ఒక రోజుకు వచ్చింది. తోలు మెత్తగా, వేడికి తట్టుకునేలా తయారైంది. డ్రమ్ములోంచి బయటికి వచ్చినప్పుడు లేత నీలి రంగులో ఉంటుంది కనుక దీన్ని వెట్ బ్లూ అంటారు.

పాత పద్ధతిలో వంద కిలోల తోలుకు సుమారు 8 కిలోల బేసిక్ క్రోమియం సల్ఫేట్ వేస్తారు. అందులో తోలు పీల్చుకునేది 60 నుంచి 70 శాతమే. మిగతాది ఆకుపచ్చ నీళ్లుగా డ్రమ్ములో మిగిలిపోతుంది. కొనుక్కున్న సరుకులో మూడో వంతును కాలువలో పారబోయడం ఏ వ్యాపారీ చేయడు. కానీ దశాబ్దాల పాటు జరిగింది అదే. దీన్ని మార్చడంలో చెన్నై అడయారులో 1948లో ఏర్పడిన కేంద్ర తోలు పరిశోధన సంస్థ కృషి ఉంది. గుంటూరు జిల్లా యలవర్రులో పుట్టిన డాక్టర్ యలవర్తి నాయుడమ్మ ఆ సంస్థకు డైరెక్టరుగా ఉండి, టానరీకీ ప్రయోగశాలకూ మధ్య దూరం తగ్గించినవారు. తోలు పని అంటే ముఖం తిప్పుకునే సమాజంలో దానిని శాస్త్రంగా నిలబెట్టిన మనిషి ఆయన.

క్రోమియాన్ని తిరిగి రాబట్టే పద్ధతి చెప్పుకుంటే వంటింటి పనిలా ఉంటుంది. డ్రమ్ములో మిగిలిన ఆకుపచ్చ నీళ్లను మిగతా నీళ్లతో కలవనివ్వకుండా వేరే తొట్టిలోకి మళ్లిస్తారు. జల్లెడ పట్టి తోలు పీచులు తీసేస్తారు. మెగ్నీషియం ఆక్సైడ్ పొడి వేసి కలియబెడతారు. పీహెచ్ 8 దాటేసరికి క్రోమియం హైడ్రాక్సైడ్‌గా విరిగి ముద్దలా అడుగుకు దిగుతుంది. రాత్రంతా కదపకుండా ఉంచి తెల్లారి పైన తేరిన నీటిని వంచేస్తారు. అడుగున మిగిలిన ముద్దలో గంధకికామ్లం పోస్తే మళ్లీ క్రోమియం సల్ఫేట్ ద్రావణం తయారు. దాన్ని కొత్త క్రోమియంతో కలిపి తరువాతి విడత తోళ్లకు వాడతారు. పెట్టిన పెట్టుబడి మిగిలిన క్రోమియం రూపంలోనే తిరిగి వస్తుంది. తోలే ఎక్కువ క్రోమియం పీల్చుకునేలా చేసే పద్ధతులు కూడా వచ్చాయి. వాటితో 90 శాతం దాకా తోలులోనే నిలుస్తుంది.

ఇక్కడ ఒక తేడా తెలుసుకోవాలి. టానరీలో వాడేది త్రిసంయోజక క్రోమియం, అంటే క్రోమియం మూడు. దీనికి విషగుణం తక్కువ. క్రోమియం ఆరు అనే మరో రూపం ఉంది. అది క్యాన్సర్ కారకమని అంతర్జాతీయంగా నిర్ధారించారు. మన దేశ ప్రమాణాల ప్రకారం నదిలోకి వదిలే నీటిలో లీటరుకు మొత్తం క్రోమియం 2 మిల్లీగ్రాములు దాటకూడదు, క్రోమియం ఆరు 0.1 మిల్లీగ్రాము దాటకూడదు. టానరీలకు క్రోమియం రసాయనాలు తయారుచేసి అమ్మిన ఒక ఫ్యాక్టరీ 1990ల మధ్యలో రాణిపేటలో మూతపడింది. అది వదిలిపోయిన లక్షన్నర టన్నులకు పైబడిన వ్యర్థాల గుట్టలో ఉన్నది ఈ ఆరో రకమే. వానకు ఆ గుట్టలోంచి పసుపు రంగు నీళ్లు కారతాయి. ఫ్యాక్టరీ పోయింది, లాభాలు పోయాయి, గుట్ట మాత్రం భూగర్భజలంతో పాటు ఆ ఊరివాళ్లకు మిగిలింది.

పాలారు కథ సుప్రీంకోర్టుకు చేరింది వెల్లూరు పౌర సంక్షేమ వేదిక వేసిన పిటిషన్‌తో. 1996 ఆగస్టు 28న తీర్పు వచ్చింది. టానరీల ప్రాంతంలో సుమారు 35,000 హెక్టార్ల సాగుభూమి పూర్తిగానో, కొంతవరకో పనికిరాకుండా పోయిందని ఆ తీర్పులో నమోదైంది. కలుషితం చేసినవాడే నష్టం భరించాలి, హాని జరగవచ్చని తెలిసినప్పుడు పూర్తి రుజువు కోసం ఆగకుండా ముందే ఆపాలి అన్న రెండు సూత్రాలు మన దేశ చట్టంలో భాగమని కోర్టు ప్రకటించింది. ప్రతి టానరీకీ పదేసి వేల రూపాయల జరిమానా వేసింది. పదివేలు పెద్ద మొత్తం కాదు. అసలు దెబ్బ వేరే ఉంది: శుద్ధి ఏర్పాటు లేని టానరీ నడవడానికి వీల్లేదు.

చిన్న టానరీ ఒక్కటే సొంత ప్లాంటు పెట్టుకోలేదు. అందుకని చాలా టానరీలు కలిసి ఉమ్మడి శుద్ధి ప్లాంట్లు కట్టుకున్నాయి. అక్కడ ముతక వ్యర్థాలను జల్లెడతో ఆపి, రసాయనాలతో మడ్డిని దించి, గాలి ఊదే తొట్లలో సూక్ష్మజీవులకు మిగతా మురికిని తినిపిస్తారు. ఇంత చేసినా ఉప్పు అలాగే ఉంటుంది. టానరీ నీటిలో కరిగి ఉన్న లవణాలు లీటరుకు 2,100 మిల్లీగ్రాములు దాటకూడదన్నది నియమం. దాన్ని అందుకోలేక చివరికి చుక్క నీరు కూడా బయటికి వదలకూడదన్న పద్ధతికి వచ్చారు. రివర్స్ ఆస్మోసిస్ పొరల గుండా నీటిని నెట్టి, మంచినీటిని మళ్లీ టానరీకే పంపుతారు. మిగిలిన చిక్కటి ఉప్పునీటిని ఆవిరి యంత్రాల్లో కాచి ఎండబెడతారు. నది వరకు ఇది మేలే. కానీ కరెంటు, కట్టెల ఖర్చు భారీగా ఉంటుంది. చివరికి మిగిలే రకరకాల లవణాల మిశ్రమాన్ని కొనేవాడు లేడు. బస్తాల్లో నింపి షెడ్లలో పేర్చి ఉంచుతారు.

శుద్ధిలో దిగిన మడ్డిది ఇంకో సమస్య. క్రోమియం ఉన్న మడ్డి చట్టప్రకారం ప్రమాదకర వ్యర్థం. మందమైన ప్లాస్టిక్ పొరలు పరిచిన భద్రమైన గుంతలోనే దాన్ని పూడ్చాలి. 2015 జనవరి 31 తెల్లవారుజామున రాణిపేటలోని ఒక ఉమ్మడి ప్లాంటులో మడ్డి నిల్వ చేసిన తొట్టి గోడ కూలింది. పక్క టానరీలో నిద్రపోతున్న కూలీలపై ఆ మడ్డి విరుచుకుపడి 10 మంది చనిపోయారు. ఎక్కువమంది బెంగాల్ నుంచి పొట్ట చేతపట్టుకుని వచ్చినవారు. నదిని కాపాడడానికి కట్టిన ప్లాంటే మనుషుల ప్రాణం తీసింది. మడ్డిని ఎప్పటికప్పుడు తరలించకుండా, గోడ బలం చూడకుండా నింపుకుంటూ పోతే కాలుష్యం తగ్గినట్టు కాదు, ఒకచోట పోగుపడినట్టు.

చట్టం చేయలేని పనిని కొన్నిసార్లు కొనుగోలుదారుడు చేశాడు. తోలుకు బూజు పట్టకుండా వాడే పెంటాక్లోరోఫినాల్‌ను జర్మనీ నిషేధించగానే మన టానరీలు చూస్తూ చూస్తూ వేరే మందుకు మారాయి. కొన్ని అజో రంగుల విషయంలోనూ అంతే జరిగింది. 2015 మే నుంచి యూరప్‌లో, ఒంటికి తగిలే తోలు వస్తువుల్లో క్రోమియం ఆరు కిలోకు 3 మిల్లీగ్రాములకు చేరితే అమ్మనివ్వరు. ఇప్పుడు ఎగుమతి టానరీల్లో ప్రతి రసాయనపు డబ్బాతో పాటు దాని వివరాల పత్రం ఉంటుంది. దానిలో ఏముంది, దేనితో కలపకూడదు, కంట్లో పడితే ఏం చేయాలి అని రాసి ఉంటుంది. అది ఇంగ్లీషులో ఉండి, డబ్బా మోసేవాడు తమిళమో బెంగాలీయో మాట్లాడేవాడైతే ఆ కాగితం ఆఫీసు ఫైలుకే పరిమితం. కొన్నిచోట్ల బొమ్మలతో, కార్మికుల భాషలో గోడ మీద రాయిస్తున్నారు.

మన వైపు నుంచి రెండు పనులు ఉన్నాయి. బక్రీద్ తోళ్లను ప్లాస్టిక్ సంచుల్లో కుక్కి సాయంత్రం దాకా ఎండలో పెట్టకుండా, నీడలో లోపలి వైపు పైకి వచ్చేలా పరిచి, నాలుగైదు గంటల్లోపే ఉప్పు పట్టించాలి. పాడైపోయిన తోలు కూడా టానరీలో అన్ని నీళ్లూ, అన్ని రసాయనాలూ తాగి చివరికి చెత్తకుప్పకే చేరుతుంది. రెండోది చెప్పుల దుకాణాలకు, సంచులు కుట్టే ఇళ్లకు సంబంధించినది. కత్తిరించగా మిగిలిన తోలు ముక్కలను, పాత బూట్లను చలిమంటకో, నీళ్ల పొయ్యికో వాడడం చాలా బస్తీల్లో కనిపిస్తుంది. క్రోమియంతో పదును చేసిన తోలు మండినప్పుడు అందులోని క్రోమియం మూడు కొంత క్రోమియం ఆరుగా మారి బూడిదలో, పొగలో చేరుతుంది. ఆ బూడిదతో గిన్నెలు తోమకూడదు, మొక్కలకు వేయకూడదు, పిల్లలను ఆ పొయ్యి దగ్గర కూర్చోనివ్వకూడదు. ముక్కలను విడిగా బస్తాలో ఉంచి తోలు చెత్త కొనేవాడికి ఇవ్వవచ్చు.