‘ఎత్తారు’ అనే కబురు ఖరీదు

‘‘రికార్డు గొంతు ఎంతసేపు మాట్లాడినా డబ్బు పడదు, అవతలివాళ్లు హలో అనగానే మీటరు తిరుగుతుంది. మాట్లాడేది మనిషో టేపో ఎక్స్ఛేంజీకి ఎలా తెలుస్తుంది సార్?’’ అని పాలిటెక్నిక్ కుర్రాడొకడు క్లాసులో అడిగాడు.

తెలియదు. ఎక్స్ఛేంజీకి గొంతుతో పనే లేదు. అది ఎదురుచూసేది ఒకే ఒక్క కబురు కోసం: ‘ఎత్తారు’.

ఎస్టీడీ బూత్ రోజుల్లో ఆ కబురును మల్టీమీటర్‌తో పట్టుకోవచ్చు. ల్యాండ్‌లైన్ తీగల జత మీద ఎక్స్ఛేంజీ 48 వోల్టులు పెట్టి ఉంచుతుంది. అవతల రింగ్ మోగుతున్నంతసేపూ ఏ తీగ ప్లస్సో ఏది మైనస్సో మారదు. అక్కడ రిసీవర్ ఎత్తగానే వాళ్ల లైన్లో కరెంటు పారుతుంది. వాళ్ల ఎక్స్ఛేంజీ దాన్ని పసిగట్టి మన ఎక్స్ఛేంజీకి చెబుతుంది. మనది మన తీగల మీద ప్లస్, మైనస్‌లను తారుమారు చేస్తుంది. కిరాణా కొట్టు ముందు వేలాడే రూపాయి డబ్బా ఫోన్ నాణెం అడిగేది ఆ తారుమారును చూసే. దూరపు కాల్స్‌కు మరో ఏర్పాటు ఉండేది. మాటలతోపాటే 16 కిలోహెర్ట్జ్‌ల పల్సులు వచ్చేవి. బూత్ మీటరు వాటిని చెవిదాకా పోనీయకుండా వడగట్టి లెక్కపెట్టుకునేది. ఊరు దూరమయ్యేకొద్దీ పల్సుకూ పల్సుకూ మధ్య ఎడం తగ్గేది. ఎర్ర అంకెలు అంత గాభరాగా పరుగెత్తింది అందుకే.

డిజిటల్ ఎక్స్ఛేంజీలు వచ్చాక వోల్టుల బదులు సందేశాలు నడుస్తున్నాయి. ‘ఈ నంబరు కావాలి’ అని ఇటునుంచి ఒకటి వెళుతుంది. ‘దొరికింది, మోగుతోంది’ అని అటునుంచి ఒకటి వస్తుంది. ఆ తర్వాత ‘ఎత్తారు’. ఈ చివరిది వచ్చేదాకా బిల్లు సున్నా. స్విచ్చాఫ్ అనీ, అందుబాటులో లేరనీ చెప్పే గొంతులు ఉచితంగా వినిపించడానికి కారణం, వాటిని ‘ఎత్తారు’ పంపకుండానే వినిపించడం. అంటే ఆ కబురు ఎప్పుడు పంపాలన్నది అవతలి యంత్రం చేతిలో పని. కావాలనుకుంటే అది ముందు ‘ఎత్తారు’ అని, ఆ తర్వాత రికార్డు మొదలుపెట్టొచ్చు.

సరిగ్గా ఇలాగే జరిగింది బ్రిటన్ ఆస్పత్రుల్లో. 2000 తర్వాత అక్కడి వార్డుల్లో పడక పక్కన, ఎటు కావాలంటే అటు వంగే చేతికి తగిలించిన చిన్న తెర ఒకటి వచ్చింది. టీవీ, రేడియో, ఫోన్ అన్నీ అందులోనే. వీటిని పెట్టిన కంపెనీల్లో పెద్దది పేషెంట్‌లైన్. రోగి బయటికి ఫోన్ చేస్తే నిమిషానికి 10 పెన్నీలు. బయటివాళ్లు రోగికి చేస్తే రద్దీ వేళల్లో 49, మిగతా వేళల్లో 39. పైగా కాల్ కలవగానే ధర ఎంతో చెప్పే రికార్డు మొదలయ్యేది, అప్పటికే ‘ఎత్తారు’ వెళ్లిపోయి ఉండేది. ఖరీదెంతో తెలుసుకోవడానికి కూడా ఖరీదే!

అలాగని యంత్రాన్ని తిట్టబుద్ధి కాదు. దాని నంబరు చూడండి. పాత ల్యాండ్‌లైన్ నంబరంటే గోడకు కొట్టిన ఇంటి నంబరు లాంటిది, అది చోటుకు చెందినది. రోగి ఒక చోట ఉండడు. అత్యవసర వార్డులో చేరతాడు, ఆపరేషన్ అయ్యాక ఇంకో వార్డుకు వెళతాడు. అందుకే రోగి పేరు నమోదు చేసుకోగానే 070తో మొదలయ్యే సొంత నంబరు ఇచ్చేవారు. దాని వెనక తీగ లేదు, పట్టికలో ఒక గడి ఉంది. ఫోన్ వచ్చిన ప్రతిసారీ కంప్యూటరు ఆ గడి చూసి, అప్పటికి ఏ పడకో తెలుసుకుని అక్కడికి కలిపేది. పడక మారితే గడి మారేది, చుట్టాల దగ్గరున్న నంబరు మారేది కాదు. నాకైతే ముచ్చటేసే ఏర్పాటు.

చిక్కు మొదటి అంకెల్లో ఉంది. ఫోన్ చేసేవారి ఎక్స్ఛేంజీ నంబరంతా చదవనక్కర్లేదు. ముందున్న అంకెలు చూడగానే ఏ ధర పట్టీ వర్తిస్తుందో తేల్చేస్తుంది. 070 అప్పట్లో ఖరీదైన పట్టీ. బ్రిటన్‌లో మొబైల్ నంబర్లు కూడా 07తోనే మొదలవుతాయి కాబట్టి చూసేవాళ్లకు తేడా తెలిసేది కాదు. వసూలైన 49 పెన్నీల్లో ఫోన్ చేసినవారి కంపెనీ కొంత ఉంచుకుని, మిగతాది కాల్ అందుకున్న వైపు పంపాలి. ఆ వాటా పడక పక్క తెర ఖర్చులకు చేరేది. ఒప్పందం రాసుకున్నది ఆస్పత్రి, బిల్లు కట్టేది ఇంట్లో ఉన్న అమ్మ. ధర తగ్గించమని బేరమాడే మనిషి ఆ గొలుసులో ఎక్కడా లేడు.

అందుకున్నవారికి చెల్లించే ఈ వాటా మనకూ పరిచయమే. మన దేశంలో అది నిమిషానికి 6 పైసలున్నప్పుడు, 2019లో జియో తన రింగు నిడివిని 25 సెకన్లకు కుదించింది. మిస్డ్ కాల్ చూసుకుని అవతలివాళ్లే తిరిగి చేస్తే వాటా తమకు వస్తుందని ఎత్తుగడ వేశారని ఎయిర్‌టెల్ ఆరోపించింది. చివరికి టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 30 సెకన్లని తేల్చింది. 6 పైసలకే అంత గొడవైతే, 49 పెన్నీల సంగతి ఊహించుకోవచ్చు.

అసలు అంత ధర ఎందుకంటే, 2000లో బ్రిటన్ ప్రభుత్వ ఆరోగ్య సేవ ఎన్‌హెచ్‌ఎస్ ప్రణాళిక పెద్ద ఆస్పత్రులన్నిటిలో పడక పడకకూ టీవీ, ఫోన్ అని మాటిచ్చింది. డబ్బు మాత్రం కంపెనీలే పెట్టుకోవాలంది. వైద్యులు రోగి రికార్డులు చూసుకునే వీలుండాలంటూ తెరను ఖరీదుగా కట్టించారు, తీరా ఆ వసతిని ఆస్పత్రులు వాడుకున్నది అంతంతమాత్రం. ఫిర్యాదుల మీద 2005లో విచారణ మొదలుపెట్టిన అక్కడి టెలికాం నియంత్రణ సంస్థ ఆఫ్‌కామ్, మరుసటి ఏడాది జనవరిలో అదే మాట చెప్పింది: ధరకు మూలం ప్రభుత్వం పెట్టిన షరతుల్లో ఉంది, ఆరోగ్య శాఖే సరిచూడాలి. నాకూ అదే న్యాయంగా తోస్తుంది.

మరి రోగి సొంత సెల్ వాడొచ్చుగా? అప్పట్లో ఆస్పత్రుల్లో నిషేధం. అది పూర్తిగా వట్టి భయం కాదు. జీఎస్‌ఎం ఫోన్ ఎడతెగకుండా ప్రసారం చేయదు, సెకనుకు 217 సార్లు చిన్న చిన్న ముక్కలుగా చేస్తుంది. స్పీకరు పక్కన సెల్ పెడితే వినిపించే ఆ గుర్రుమనే చప్పుడు ఇదే. ఈసీజీ తీగ యాంటెన్నాలా పనిచేసి, లోపలి ట్రాన్సిస్టర్ ఆ ముక్కలను గుండె అలల్లోకి జొప్పించగలదు. సిగ్నల్ అందని మందపాటి గోడల మధ్య ఫోన్ ఇంకా గట్టిగా అరుస్తుంది కూడా. కానీ దూరం పెరిగితే ఆ బలం గబగబా పడిపోతుంది. 1997 నాటి బ్రిటిష్ పరీక్షల్లో మీటరు దూరాన సెల్‌ఫోన్ వల్ల తడబడ్డ వైద్య పరికరాలు 4 శాతం. అత్యవసర సిబ్బంది వాకీటాకీల వల్లనైతే 41 శాతం!

తర్వాత కథ త్వరగా ముగిసింది. 2007లో పేషెంట్‌లైన్ బయటికి చేసే కాల్‌ను 10 పెన్నీల నుంచి 26కు పెంచింది, 2008లో హాస్పీడియా అనే కంపెనీ చేతుల్లోకి పోయింది. 2009లో ఆరోగ్య శాఖ సెల్‌ఫోన్ నిషేధాన్ని సడలించింది. 2019 అక్టోబరు 1 నుంచి 070 నంబర్ల వాటాను ఆఫ్‌కామ్ మొబైల్ స్థాయికి దించేసింది. అప్పటికి రోగుల్లో చాలామంది తమ సెల్‌లోనే మాట్లాడుకుంటున్నారు.